అంతరాయ భాగస్వామ్యం

పెదకొల్లిపాలెంలో కరెంటు పోవడం మానేసింది. ఎందుకు మానేసిందో వచ్చి సంజాయిషీ చెప్పుకోమని ఏఈ సత్యవాణికి సర్కిల్ ఆఫీసు నుంచి కబురొచ్చింది.

కబురొచ్చే వేళకి ఆవిడ సబ్‌స్టేషన్ వరండాలో సిబ్బందికి పూతరేకులు పంచుతోంది. నెల రోజులుగా ఊరికి కరెంటు తెచ్చే ఫీడరు ఒక్కసారి కూడా పడిపోలేదన్న సంతోషం అది. సగం పూతరేకు నోట్లో ఉండగానే ఫోను తీసి, "చిత్తమండి, వస్తున్నానండి" అంది. మెచ్చుకోడానికే పిలిచారని లైన్‌మన్ నూకయ్య తేల్చేశాడు. సత్యవాణికీ అలాగే అనిపించి, బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకుని వెళ్ళింది.

ఆవిడ అక్కడికి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. వచ్చిన కొత్తలో పెదకొల్లిపాలెం పేరెత్తితే శాఖలో నవ్వేవారు. అక్కడ గాలి వీస్తే కరెంటు పోయేది, వీచే గాలి ఆగినా పోయేది. ఊరి చుట్టూ రొయ్యల చెరువులు. నీళ్ళని చిలికి ఊపిరి ఎక్కించే ఏరేటర్లు ఆగిపోతే రొయ్య పైకి తేలుతుంది. తేలిన రొయ్య మళ్ళీ మునగదు. అందుకని రైతులు ఒక చెవి దిండుకీ ఒక చెవి చెరువుకీ ఇచ్చి పడుకునేవారు. సత్యవాణి లైను వెంట కాలినడకన తిరిగింది. తీగల మీదికి ఒరిగిన కొబ్బరి మట్టలు కొట్టించింది. ఉప్పుగాలి తినేసిన ఇన్సులేటర్లు మార్పించింది. ఊరి కరెంటు ఆపి వేసే కొత్త బ్రేకరు కోసం స్టోర్సు ఆఫీసు గుమ్మంలో ఎన్నిసార్లు నిలబడిందంటే, రోజూ ఆ మొహం చూడలేక వాళ్ళే లారీకెత్తించి పంపేశారు. ఆ తరవాత ముదునూరి సోమరాజు అనే పెద్ద రైతు తన జనరేటరు అమ్మేసి, ఆ సంగతి చెప్పడానికి పనిగట్టుకుని సబ్‌స్టేషనుకి వచ్చాడు. "మీ మీద నమ్మకంతో అమ్మేశానండి మేడం గారూ. ఇంక మీరే నా జనరేటరు" అన్నాడు. ఆ మాట ఆవిడకి ఏ ప్రమోషను కన్నా తక్కువగా తోచలేదు.

సర్కిల్ ఆఫీసులో ఎస్ఈ తటవర్తి కామేశ్వరశాస్త్రి గారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. ఆయన మాట్లాడితే జీవో చదివినట్టుండేది. ఇంట్లో కాఫీ అడగాలన్నా "తగు చర్య నిమిత్తం" అంటారని ఆఫీసులో చెప్పుకునేవారు.

"నీవు చేసిన పని వల్ల యావత్ సంస్థ అంతర్జాతీయంగా ఇరకాటంలో పడింది" అన్నారు. తరవాత విషయం వివరించారు.

హెల్గెన్ పవర్ అని ఉత్తరాన మంచుదేశంలో ఒక కంపెనీ ఉంది. వాళ్ళ దేశంలో ఒక తరం పాటు కరెంటు పోనేలేదు. పోతే ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళందరూ రిటైరై చేపలు పట్టుకుంటున్నారు. కిందటి చలికాలం ఒక చిన్న పట్నంలో కాసేపు కరెంటు పోతే, జనం తలుపు దానంతటదే తెరుచుకుంటుందని తలుపుల ముందు నిలబడిపోయారు. దాంతో అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది: కరెంటు పోవడం కళ్ళారా చూడనివాడు విద్యుత్ ఇంజనీరుగా పనికిరాడని. కంపెనీ వెంటనే ఆసియా అంతటా భాగస్వాములను వెతుక్కుంది. తుఫానుకి పోయే కరెంటు ఫిలిప్పీన్స్‌లో, భూకంపానికి పోయేది జపాన్‌లో, కొండచరియలు విరిగి పోయేది నేపాల్‌లో, అగ్నిపర్వతం బూడిదకి పోయేది ఇండోనేషియాలో చూడ్డానికి ఒప్పందాలు కుదిరాయి. ఒక్కటే మిగిలింది. ఏ కారణమూ లేకుండా పోయే కరెంటు. దాని కోసం ఖండమంతా గాలించి, పాత రికార్డులు తిరగేసి, పెదకొల్లిపాలెం ఎంచుకున్నారు.

"ఆసియా ఖండంలో కారణరహిత అంతరాయానికి మనదే ప్రథమ స్థానం" అన్నారు శాస్త్రి గారు. ఆ గొంతులో గర్వం దాగలేదు. "మన సంస్థకు అంతర్జాతీయ గుర్తింపు లభించిన ఏకైక రంగం ఇది. సంతకాలు అయిపోయాయి. బృందం బయలుదేరింది. ఈ తరుణంలో నీవు ఎవరినీ సంప్రదించకుండా కరెంటు బాగుచేశావు."

 కరెంటు బాగుచెయ్యడం తన పనేననుకున్నానంది సత్యవాణి. పని వేరు, ఒప్పందం వేరన్నారాయన. పూర్వస్థితిని పునరుద్ధరించమన్నారు. రొయ్యలు చచ్చిపోతాయండి అని ఆవిడ చెప్పబోతే, ఒప్పందం తెరిచి చూపించారు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఎక్కడా రొయ్యల ప్రస్తావన లేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ ఆలోచించింది. ఎదురుతిరిగితే తన స్థానంలో ఎవరినో వేస్తారు. వాడికి రొయ్యా చేపా తేడా తెలియకపోవచ్చు. ఎండ కాసే వేళ నీటిలో పచ్చదనమే రొయ్యకి ఊపిరి పోస్తుంది కాబట్టి పట్టపగలు కాసేపు ఆపితే ముప్పు లేదు. అలా అయితేనే ఒప్పుకుంటానని శాస్త్రి గారికి ఫోను చేసి చెప్పింది. శాస్త్రి గారు కమిటీ వేశారు. కమిటీ కూర్చుని, ముందస్తు ప్రణాళిక లేని అంతరాయాలకు ముందస్తు ప్రణాళిక తయారుచేసింది. సత్యవాణి దాన్ని చెరువు గట్టు గట్టుకీ చేరవేసింది. ఫలానా రోజు ఫలానా వేళ కరెంటు ఊహించని విధంగా పోతుంది, సిద్ధంగా ఉండండి అని.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ముఖ్య అతిథి జ్యోతి ప్రజ్వలన చేసి, అదే చేత్తో బ్రేకరు ఆపారు. ఊరంతా కరెంటు పోగానే చప్పట్లు మోగాయి. మైకు కూడా ఆగిపోయింది కాబట్టి శాస్త్రి గారి స్వాగతోపన్యాసం ముందు వరస వాళ్ళకే వినబడింది. వెనక వాళ్ళు ఎక్కువ చప్పట్లు కొట్టారు.

మంచుదేశం నుంచి వచ్చిన బృందానికి నాయకుడు ఓస్కర్ బ్రెండ్‌హాల్ అనే ఇంజనీరు. మనిషి తాటిచెట్టంత పొడుగు, మాట నెమ్మది, ఎండకి మొహం ఎర్రగా పండిపోయింది. ఆయన పొడుగు చేతుల చొక్కాతో వీధి వీధీ తిరిగి చూశాడు. హోటల్లో ఇడ్లీ పిండి ముందే రుబ్బేశారు. పిండిమర అతను తాళం వేసుకుని కల్లాపు చల్లి మరీ కూర్చున్నాడు. మంగలి షాపులో గడ్డం సగంలో ఆగినవాడు ఒక్కడూ లేడు. బ్రెండ్‌హాల్ సాయంత్రం సత్యవాణితో మర్యాదగానే చెప్పాడు: అంతా బాగుంది కానీ ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోలేదు, చెప్పి తీసే కరెంటు చూడ్డానికైతే తాము ఇంత దూరం రానవసరం లేదు అని.

ఆ మాట శాస్త్రి గారికి చేరింది. ఆయన వెంటనే వినియోగదారుల ఆశ్చర్య స్థాయిని పెంపొందించవలసిందిగా ఆదేశించారు. కల్యాణమండపంలో శిక్షణ పెట్టారు. కరెంటు పోగానే తల పైకెత్తి ఫ్యానుని చూడాలి, "అబ్బా" అనాలి, విసనకర్ర కోసం చెయ్యి చాపాలి. ఆదర్శ బాధిత వినియోగదారుగా సోమరాజుని ఎంపిక చేశారు. ఆయన కుర్రతనంలో నాటకాల్లో వేషాలు వేసిన మనిషి. మొదటి రిహార్సల్లోనే ఫ్యాను ఆగడంతోనే గుండె పట్టుకుని స్తంభానికి జారగిలబడి, ముందు జన్మలో చేసిన పాపమా ఇది అని రాగం ఎత్తుకున్నాడు. అంత ఆశ్చర్యం ఒప్పందంలో లేదని ఆయన్ని కూర్చోబెట్టారు.

కానీ మర్నాడు అసలు పరీక్షలో బ్రెండ్‌హాల్‌ని కదిలించింది సోమరాజు కాదు. కరెంటు పోగానే నేర్పినదంతా మరిచిపోయి, వెంకాయమ్మ అనే ముసలావిడ వాకిట్లోకి వచ్చి ఎదురింటి వైపు చెయ్యి ఊపింది. "ఏవమ్మోయ్, మీకూ పోయిందా?" అంది. మాకూ పోయిందని అవతలి నుంచి జవాబొచ్చింది. ముసలావిడ మొహం విప్పారింది. నిశ్చింతగా అరుగు మీద కూర్చుంది.

బ్రెండ్‌హాల్‌కి ఇది అంతుపట్టలేదు. పక్కింట్లో కూడా లేదంటే ఎందుకంత సంతోషమని సత్యవాణిని అడిగాడు. ఆవిడ చెప్పింది. "మనింట్లోనే పోతే అది మన ఖర్మండి. అందరికీ పోతే గవర్నమెంటు ఖర్మ."

ఆయన నవ్వలేదు. తల వంచి రాసుకున్నాడు. వారం తిరిగేసరికి మంచుదేశం నుంచి దానికో పేరు వచ్చింది: పొరుగు నిర్ధారణ విధానం. కరెంటు పోయిన వెంటనే ఎదురింటి వారిని విచారించడం ద్వారా లోపం తన ఇంటికి పరిమితమా సార్వత్రికమా అని పౌరులే నిర్ధారించుకునే ప్రాచీన ఆసియా పద్ధతి అట. శాస్త్రి గారు ఉబ్బితబ్బిబ్బై సర్క్యులరు తీశారు. ప్రతి కుటుంబం అంతరాయ సమయంలో ఎదురింటి వారిని విధిగా అడగవలెను. ఎదురిల్లు లేనివారు పక్కింటి వారిని అడగవలెను. ఎవరూ లేనివారు లైన్‌మన్‌ని అడగవచ్చును. నూకయ్య ఆ సాయంత్రం ఊరు చివర ఒంటరి ఇళ్ళన్నిటికీ తిరిగి "నాకూ పోయిందండి" అని చెప్పొచ్చాడు.

ఇదంతా సత్యవాణికి ఒక పక్క నవ్వుగానే ఉండేది. రొయ్యలు బాగున్నాయి, రైతులు బాగున్నారు. అసలు ఎప్పుడు పోతుందో కచ్చితంగా తెలిసిన కరెంటు ఆ ఊరి చరిత్రలో ఇదే మొదటిసారి. ఒప్పందం ఉన్నన్నాళ్ళూ ఇలాగే గడిచిపోతే చాలనుకుంది.

బ్రెండ్‌హాల్ నిజాయితీపరుడు. అదే కొంప ముంచింది. వెంకాయమ్మ కరెంటు పోకముందే కరెంటు కుక్కర్లో అన్నం వండేసుకుందని గమనించి, ఆ సంగతి తన నివేదికలో ఉన్నదున్నట్టు రాశాడు. అంతరాయం అసలుసిసలుది కాదేమోనని వాళ్ళ కంపెనీ అనుమానం వెలిబుచ్చింది. శాస్త్రి గారికి నిద్ర పట్టలేదు. చివరికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. ఒక్కో చీటీ మీద ఒక్కో వేళ రాసి స్టీలు డబ్బాలో వేస్తారు. రోజూ పొద్దున్న స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టి, తానే స్వయంగా ఒక చీటీ తీస్తారు. ఆ వేళకి సర్కిల్ ఆఫీసు నుంచే మీట నొక్కి పెదకొల్లిపాలెం కరెంటు ఆపిస్తారు. ఏఈకి కూడా ముందు తెలియదు. పరిశీలన పూర్తయి ఉత్తర్వు వచ్చేదాకా బ్రేకరు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు.

సత్యవాణి ఆఫీసుకి పరుగెత్తింది. ఎండ లేని రోజు చీటీ తగిలితే ఎలాగని అడిగింది. చీటీ దైవాధీనమన్నారు శాస్త్రి గారు. జనరేటర్లు అమ్మేశారు సార్ అని ఆవిడ అంటే, కరెంటు పోని ఊళ్ళో అమ్ముకోక ఏం చేస్తారు, అందుకే బాగుచెయ్యకూడదన్నాను అన్నారు.

శ్రావణమాసంలో ముసురు పట్టింది. మూడు రోజులుగా సూర్యుడి జాడ లేదు. చెరువులన్నీ బూడిద రంగుకి తిరిగాయి. ఏరేటర్లు రాత్రీ పగలూ ఆగకుండా తిరుగుతున్నాయి. అలాంటి పూట, మధ్యాహ్న భోజనాల వేళకి, ఒక్కసారిగా ఊరు నిశ్శబ్దమైపోయింది.

 సత్యవాణి అన్నం ముద్ద పళ్ళెంలో పెట్టేసి సబ్‌స్టేషనుకి వచ్చింది. శాస్త్రి గారికి ఫోను చేసింది. పరిశీలన జరుగుతోంది, ఆటంకపరచవద్దు అన్నారు. ఎంతసేపు సార్ అని అడిగితే, అది చెబితే ఊహించినట్టవుతుందన్నారు.

సోమరాజు వానలో తడుస్తూ వచ్చాడు. ఈసారి గుండె పట్టుకోలేదు, రాగం తియ్యలేదు. వరండా మెట్టు మీద కూర్చుని, తువ్వాలు పిండుకున్నాడు. తల ఎత్తకుండా అన్నాడు.

"రొయ్య తేల్తందండి మేడం గారూ."

గేటు దగ్గర గొడుగు కింద బ్రెండ్‌హాల్ నిలబడి ఉన్నాడు. ఆయన ఈ నాలుగు వారాల్లో మొదటిసారి ఏమీ రాసుకోవడం లేదు. మెట్టు మీది ఆ మనిషి ఆశ్చర్యపోలేదే, ఏమైందతనికి అని సత్యవాణిని అడిగాడు. సత్యవాణి చెప్పింది. ఆయన గొడుగు పక్కకి వాల్చి, చెరువుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

సత్యవాణి తండ్రి ఆర్టీసీ డ్రైవరు. ఈ ఉద్యోగం వచ్చిన రోజు ఆయన డిపో అంతా తిరిగి చెప్పుకున్నాడు. ఆవిడకి ఆ సంగతి గుర్తొచ్చింది, ఇంటి లోను గుర్తొచ్చింది, బ్రేకరు ముట్టుకోవద్దన్న ఉత్తర్వులో తన పేరు కింద గీసిన ఎర్రగీత గుర్తొచ్చింది. నూకయ్యని దూరంగా నిలబడమంది, రేపు ఎవరైనా అడిగితే నువ్వు ఇక్కడ లేవని చెప్పమంది. సర్కిల్ ఆఫీసు మీట పనిచెయ్యకుండా తప్పించి, బ్రేకరు తానే వేసేసింది.

ముందు దగ్గర చెరువుల్లో నీళ్ళు చిలికిన చప్పుడు మొదలైంది, తరవాత దూరం చెరువుల్లో, ఆ తరవాత ఊరు నలువైపులా. సోమరాజు అప్పటికే గట్టు వైపు పరిగెడుతున్నాడు. అందరి చెరువులూ దక్కాయి. సోమరాజు మూల చెరువు ఒక్కటి మాత్రం సగానికి సగం పోయింది.

విచారణ సర్కిల్ ఆఫీసులోనే జరిగింది. అనుమతి లేకుండా విద్యుత్ సరఫరా చేయుట, తద్వారా అంతరాయమునకు అంతరాయము కలిగించుట, విదేశీ భాగస్వామి సమక్షమున సంస్థ ప్రతిష్ఠకు వెలుగు కలిగించుట అని మూడు అభియోగాలు. చివరిదానిలో 'మచ్చ' అని కొట్టబోయి టైపిస్టు పొరపాటు పడ్డాడు. సంతకం అయిపోయింది కాబట్టి అలాగే ఉంచారు.

"కరెంటు ఇవ్వడానికి నీకు అధికారం ఎవరిచ్చారు?" అని అడిగారు శాస్త్రి గారు.

"నన్ను ఉద్యోగంలో వేసుకుంది అందుకే కదండీ" అంది సత్యవాణి.

సమాధానం అసంబద్ధంగా ఉన్నదని రాసుకున్నారు.

బ్రెండ్‌హాల్ పిలవకపోయినా వచ్చాడు. తమ పట్నంలో ఆ చలికాలం కరెంటు పోయినప్పుడు మీట పక్కనే ముగ్గురు ఇంజనీర్లు ఉన్నారనీ, ఉత్తర్వు కోసం చూస్తూ ముగ్గురూ చలికి వణుకుతూ కూర్చున్నారనీ చెప్పాడు. ఆ ముగ్గురిలో తానొకణ్ణి అన్నాడు. ఇక్కడ నేర్చుకోవలసింది తాను నేర్చుకున్నానన్నాడు. ఆయన సాక్ష్యాన్ని శాస్త్రి గారు ఎంతో శ్రద్ధగా విన్నారు. కానీ ఆ పాటికే మంచుదేశం నుంచి జవాబు వచ్చేసింది: కరెంటు రావడం ఒప్పందం పరిధిలోకి రాదు, పెదకొల్లిపాలెం అంతరాయం ప్రమాణాలకు తగినంత దీర్ఘంగా లేదు, మరింత నమ్మదగిన భాగస్వామి ఆసియాలోనే వేరొక చోట దొరికారు, సెలవు. వెళ్ళేరోజు బ్రెండ్‌హాల్ సబ్‌స్టేషన్ గేటు దగ్గర దిగి, సత్యవాణికి మనలాగే రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి వెళ్ళాడు.

సత్యవాణికి ఏ శిక్ష వెయ్యాలన్నది కమిటీకి పెద్ద చిక్కు తెచ్చింది. ఎక్కడ వేసినా ఈవిడ కరెంటు ఇచ్చేస్తుంది. ఆఖరికి శాస్త్రి గారికే తట్టింది. ఇవ్వడానికి కరెంటే లేని చోట వేస్తే సరిపోతుంది. ఏజెన్సీలో కొండ మీద గుమ్మలగూడెం అనే ఊరుంది. దానికి లైను మంజూరై ఏళ్ళు గడిచాయి కానీ ఇంకా చేరలేదు. అక్కడికి బదిలీ చేశారు.

బయలుదేరేరోజు సోమరాజు ఐసు పెట్టెలో రొయ్యలు తెచ్చి జీపులో పెట్టాడు. మళ్ళీ జనరేటరు కొన్నానని చెప్పడానికి ఆయనకి మొహమాటం వేసింది. "మీరు లేరు కదండీ మరి" అని మాత్రం అన్నాడు. ఆవిడ తల వంచుకుని, మంచి పని చేశారండి అంది.

కొండ కింద జీపు ఆగిన చోట కరెంటు స్తంభాలు గడ్డిలో వరసగా పడి ఉన్నాయి. వాటి మీద ఊరివాళ్ళు మిరపకాయలు ఆరబోసుకున్నారు. సర్పంచ్ కుంజం ముత్తమ్మ ఎదురొచ్చి, ఇవి దించి వెళ్ళిన లారీ మళ్ళీ రాలేదని చెప్పింది. నాటొద్దని ఎవరైనా అన్నారా అని సత్యవాణి అడిగింది.

"వద్దని ఎవరూ అన్లేదమ్మా" అంది ముత్తమ్మ. "నాటమని కూడా ఎవరూ అన్లేదు."

సత్యవాణి చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, మిరపకాయలు ఒక పక్కకి తీయించి, మొదటి స్తంభం ఎంత బరువుందో పట్టి చూసింది. గుంటలు ఊరివాళ్ళే తవ్వారు. తీగకి, ట్రాన్స్‌ఫార్మరుకి ఆవిడ మళ్ళీ స్టోర్సు గుమ్మంలో నిలబడింది. ఈసారి వాళ్ళు ఆవిడని చూస్తూనే లారీ పిలిచారు. చలికాలం వెళ్ళేలోగా ఒక సాయంత్రం గుమ్మలగూడెంలో దీపాలు వెలిగాయి. పిల్లలు స్తంభం చుట్టూ మూగారు. ముత్తమ్మ తన ఇంటి బల్బుని చాలాసేపు ఆర్పి వెలిగించి, ఆర్పి వెలిగించి చూసుకుంది.

శాస్త్రి గారి ఫోను వచ్చింది. ఊరి పైన ఒక బండ దగ్గరే సిగ్నలు అందుతుంది. సత్యవాణి అక్కడికెక్కి మాట్లాడింది. నాటమని ఉత్తర్వు లేదు, వెలిగించమని అసలే లేదు, ఎవరిని అడిగి చేశావని ఆయన గట్టిగా కేకలేస్తున్నారు. అక్కడికి వెళ్ళిన దగ్గర్నుంచి తాను పంపిన ఉత్తర్వుల్లో ఒక్కటైనా చదివావా అని అడిగారు.

కింద ఊరు మొత్తం కనబడుతోంది.

"సాయంత్రం దాకా పోల్స్ దగ్గరే సరిపోయేదండి, రాత్రి చదువుకుందామంటే ఇన్నాళ్ళూ ఇక్కడ వెలుతురు లేదండి" అంది సత్యవాణి. "ఇవాళే వచ్చింది. అన్నీ మళ్ళీ పంపించండి సార్, చదువుకుంటాను."